పాలెగాళ్ల పక్షాల మార్పు: కర్ణాటక, మైసూరు యుద్ధాల్లో పుత్తూరు సీమ

18వ శతాబ్దంలో దక్షిణాది ఆధిపత్యం కోసం ఆర్కాటు నవాబులు, హైదరాబాదు నిజాములు, మరాఠాలు, మైసూరు పాలకులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషు కుంపిణీ తలపడ్డారు. 1740 నుంచి 1801 దాకా సాగిన ఆ పోరుకు నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాల కొండలు, కనుమలు పదే పదే రంగస్థలమయ్యాయి. పుత్తూరు, నగరి, నారాయణవనం ప్రాంతాలను ఏలిన కార్వేటినగరం పాలెగాళ్లు, వారికి ఉత్తరాన ఉన్న కాళహస్తి, వెంకటగిరి పాలెగాళ్లు ఈ కాలంలో ఒక ప్రభువును వదిలి మరో ప్రభువు పక్షాన చేరడం తరచు కనిపిస్తుంది. దీన్ని అవకాశవాదమని, విశ్వాసఘాతుకమని రాసినవారున్నారు. అయితే ఏ పాలెగాడు ఎప్పుడు, ఏ పరిస్థితిలో పక్షం మారాడో వరుసగా చూస్తే ఒక క్రమం బయటపడుతుంది. కప్పం తీసుకునేవాడు బదులుగా రక్షణ ఇవ్వాలన్నది పాలెగాడికీ ప్రభువుకూ మధ్య ఉన్న ఒప్పందం. ప్రభువు ఆ రక్షణ ఇవ్వలేనప్పుడు ఒప్పందం దానంతటదే సడలింది. పక్షాల మార్పు ఆ సడలింపు ఫలితమనీ, దాన్ని వ్యక్తుల గుణదోషంగా కాక వ్యవస్థ నడిచిన తీరుగా చూడాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సీమ, పాలెం

పుత్తూరు చెన్నై, తిరుపతి మార్గంలో నగరి కొండల పక్కన ఉన్న పట్టణం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేవరకూ ఇది ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో భాగం. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. కార్వేటినగరం ఇక్కడికి పడమరగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి రాజులు తాము సాళువ వంశీయులమని చెప్పుకున్నారు. వారి పాలేనికి బొమ్మరాజు పాలెమన్న పేరుంది. ఇంగ్లీషు రాతల్లో ఆ పాలెగాడి పేరు ‘బోమ్‌రాజ్’ అని వంకరగా కనిపిస్తుంది. ఈ ప్రాంతం ప్రాముఖ్యం దాని ఉనికి నుంచి వచ్చింది. పడమటి పీఠభూమి నుంచి దిగే కనుమలకూ, తూర్పున మద్రాసు, ఆర్కాటు మైదానాలకూ నడుమ ఉన్న గడప ఇది. దండు ఏ వైపు నుంచి వచ్చినా ఇక్కడి చెరువుల కింద పండిన వరి కావాలి, ఇక్కడి కొండదారి తెలిసిన మనుషులు కావాలి. తిరుమల యాత్రికుల రాకపోకలు, ఆలయ రాబడి కూడా ఈ దారుల మీదే ఆధారపడి ఉండేవి. 1750ల్లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ ఆ రాబడిని కుంపిణీ బాకీ కింద ఒప్పగించాక తిరుపతి చుట్టూ జరిగిన ప్రతి దాడీ నేరుగా కుంపిణీ ఖజానాను తాకే విషయమయింది.

పాలెగాడంటే కేవలం చిన్న రాజు కాడు. విజయనగర కాలం నుంచి నాయంకరాలుగా, కావలి హక్కులుగా, అడవి అంచు గ్రామాల మీద పట్టుగా పెరిగిన అధికారం అతనిది. పై ప్రభువుకు ఏటా పేష్కషు కట్టాలి, పిలిచినప్పుడు బంట్లను పంపాలి. బదులుగా తన పాలెంలో శిస్తు వసూలు, కావలి, తగవుల తీర్పు అతని చేతిలో ఉండేవి. ఈ బంధంలో భక్తి మాటలు ఎన్ని ఉన్నా లెక్క మాత్రం స్పష్టం. పేష్కషు బలమైనవాడికి చెల్లేది, బలం చూపలేనివాడికి బకాయి పడేది. ఆర్కాటులో నవాబు గట్టిగా ఉన్న ఏడాది పాలెగాడు కప్పం కట్టాడు. గద్దె కోసం కొట్లాట వచ్చిన ఏడాది కోట తలుపులు మూసుకుని చూశాడు. కాబట్టి ‘పాలెగాడు ఎవరి పక్షం’ అన్న ప్రశ్నకు ‘ఆ ఏడాది ఆర్కాటు ఎవరిది’ అన్న ప్రశ్నతో కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది.

దామలచెరువు నుంచి తిరుచిరాపల్లి దాకా, 1740–1754

ఈ కాలపు మొదటి పెద్ద సంఘటన పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో జరిగింది. 1740 మే 20న రఘోజీ భోంస్లే నాయకత్వంలోని మరాఠాలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని అక్కడ ఓడించి చంపారు. నవాబు కనుమ ముఖాన్ని గట్టిగానే కాశాడు. కానీ అతని సైన్యంలోని ఒక హిందూ సర్దారు తన కావలిలో ఉన్న మరో దారిలో మరాఠాలను రానిచ్చాడని చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. చిన్నవాడి ద్రోహానికి ఇది చక్కని ఉదాహరణగా కనిపిస్తుంది. అయితే ఆ వెంటనే జరిగింది కూడా చూడాలి. చనిపోయిన నవాబు కొడుకు సఫ్దర్ అలీ శత్రువుతో రాజీ కుదుర్చుకున్నాడు. భారీ సొమ్ము చెల్లిస్తానన్నాడు, తన బావమరిది వరసైన చందా సాహెబు చేతిలోని తిరుచిరాపల్లిని మరాఠాలు పట్టుకోవడానికి లోపాయికారీగా ఒప్పుకున్నాడు. 1741 మార్చిలో ఆ కోట పడిపోయింది, చందా సాహెబు సతారాకు బందీగా వెళ్లాడు. మరుసటి ఏడాది సఫ్దర్ అలీ వేలూరులో సొంత బంధువు ముర్తజా అలీ చేతిలో హతుడయ్యాడు. కనుమ వదిలిన సర్దారు పేరు కూడా చరిత్రకు సరిగా మిగల్లేదు. తండ్రిని చంపినవారితో చేతులు కలిపిన నవాబు పని మాత్రం సంధిగా నమోదైంది.

తర్వాతి పదేళ్లలో ఈ తీరు మరింత ముదిరింది. 1749 ఆగస్టు 3న ఆంబూరు యుద్ధంలో, సఫ్దర్ అలీ వంశం తర్వాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ చనిపోయాడు. చెర నుంచి విడుదలైన చందా సాహెబు, నిజాం గద్దె కోరిన ముజఫర్ జంగ్, ఫ్రెంచివారు ఒక పక్షం; అన్వరుద్దీన్ కొడుకు మహమ్మదలీ, నిజాం నాసర్ జంగ్, ఇంగ్లీషువారు మరో పక్షం. నాసర్ జంగ్ వెంట వచ్చిన కడప, కర్నూలు, సవనూరు పఠాన్ నవాబులు ఫ్రెంచివారితో లోలోపల మాట్లాడుకున్నారు. 1750 డిసెంబరులో జింజీ దగ్గర నాసర్ జంగ్ వారి చేతిలోనే చనిపోయాడు. వారి సాయంతో నిజామైన ముజఫర్ జంగ్ తమకు మాట ఇచ్చినంత ఇవ్వలేదని అదే నవాబులు తిరగబడ్డారు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి వద్ద కనుమ దాటే సమయంలో జరిగిన పోరులో ముజఫర్ జంగ్ కూడా హతుడయ్యాడు. మూడు నెలలు నిండకముందే ఇద్దరు నిజాములు తమ పక్షపు మనుషుల చేతిలోనే పోయారన్నమాట. ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి ముందుకు నడిచాడు.

గుత్తి మురారిరావు కథ దీనికి కొనసాగింపు. 1741లో తిరుచిరాపల్లికి మరాఠాల తరఫున పాలకుడైన మురారిరావు 1751లో మైసూరు జీతం మీద మహమ్మదలీ పక్షాన దిగి, ఆర్కాటు ముట్టడి సమయంలో కుంపిణీ సేనాని క్లైవుకు తోడయ్యాడు. తిరుచిరాపల్లిని ఇస్తానని మైసూరు సర్వాధికారి నంజరాజుకు రాసిచ్చిన మహమ్మదలీ, 1752లో చందా సాహెబు చనిపోయాక ఆ మాట తప్పాడు. దాంతో నంజరాజు ఫ్రెంచివారి వైపు తిరిగాడు, అతనితో పాటు మురారిరావూ తిరిగాడు. ఇక్కడ పక్షం మారినవాడు ముందు మోసగాడా, మోసపోయినవాడా అన్నది విడదీయరాని ప్రశ్న. మాట తప్పినవాడు కుంపిణీకి నమ్మకస్తుడైన మిత్రుడు, ఆ మాట నమ్మి సైన్యం ఖర్చు పెట్టినవాడు చంచలుడు అన్న లెక్క గెలిచినవారి దస్తావేజుల్లోనే నిలుస్తుంది.

షోలింగూరు, 1781

పుత్తూరు సీమకు అత్యంత దగ్గరి ఉదాహరణ రెండో మైసూరు యుద్ధంలో ఉంది. 1780 జులైలో మైసూరు పాలకుడు హైదరాలీ కనుమలు దిగి కర్ణాటకంలో, అంటే ఆర్కాటు నవాబు రాజ్యంలో, ప్రవేశించాడు. ఇంగ్లీషు దండుకు తిండి దొరకకుండా మద్రాసు చుట్టూ విశాలమైన మేర పల్లెలను తగలబెట్టించాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ సేనను తుడిచిపెట్టాడు. నవంబరు ఆరంభంలో ఆర్కాటు అతని వశమైంది. కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి పాలెగాళ్ల బంట్లు అతని దండులో కనిపించడం ఆ తర్వాతి మాట. నవాబు మహమ్మదలీ మద్రాసులో కుంపిణీ నీడన ఉన్నాడు. అతని పేరు మీద పాలేలను కాపాడే దండు ఏదీ కొండల దరిదాపుల్లో లేదు. ఆర్కాటును పట్టినవాడికి లోబడాలన్న పాత సూత్రమే పాలెగాళ్లు అప్పుడూ పాటించారు.

1781 జులై 1న పోర్టోనోవోలో, ఆగస్టు 27న మళ్లీ పొల్లిలూరులో కుంపిణీ సేనాని సర్ అయిర్ కూట్ హైదరాలీతో తలపడ్డాడు. సెప్టెంబరు 27న పుత్తూరుకు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని షోలింగూరు దగ్గర అతన్ని ఓడించాడు. ఈ ఓటమి తర్వాతే ఆ ముగ్గురు పాలెగాళ్లు హైదరాలీని వదిలి కుంపిణీ వైపు వచ్చారు. వారి రాక విలువ బంట్ల సంఖ్యలో లేదు. కూట్ దండు గెలిచినా ఆకలితో ఉంది. బియ్యం లేక, లాగే ఎడ్లు లేక విజయాన్ని వెంటాడలేని స్థితిలో ఉంది. పాలేలలోకి దారి తెరుచుకున్నాక కొంతకాలం ఆ దండుకు తిండి దొరికింది, నవంబరులో వేలూరు కోటకు బియ్యం చేర్చగలిగింది. అంటే ఈ పక్షం మార్పులో ఇచ్చిపుచ్చుకున్నది ప్రధానంగా ధాన్యం. దీనికి హైదరాలీ జవాబు వెంటనే వచ్చింది. తనను వదిలిన పాలెగాళ్ల ఊళ్లను కాల్చడానికి ఒక దండును పంపాడు. దాన్ని చెదరగొట్టడానికి కూట్ స్వయంగా తేలిక బలగంతో రాత్రింబవళ్లు పరుగెత్తాల్సి వచ్చింది. ఆ పరుగును కొత్త మిత్రుల మీద ప్రేమగా చూడనక్కరలేదు. పాలేలు కాలిపోతే తన దండు తిండి కాలిపోతుందని అతనికి తెలుసు. కప్పానికి బదులు రక్షణ అన్న సూత్రం ఇంత నగ్నంగా కనిపించిన ఘట్టం ఈ సీమ చరిత్రలో మరొకటి లేదు.

ఆ తర్వాత కూడా ఈ ప్రాంతంలో అధికారం నిలకడగా లేదు. కుంపిణీ పట్టిన చిత్తూరు కోట మళ్లీ హైదరాలీ చేతికి వెళ్లింది. నవాబు సోదరుడు అబ్దుల్ వహాబ్ ఏలిన చంద్రగిరి కూడా అతనికి లొంగింది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలో హైదరాలీ మరణించాడు. కొడుకు టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా దండు చెదిరిపోకుండా సేనానులు ఆ మరణాన్ని దాచిపెట్టారు. హైదరాలీ సొంత సైన్యం విశ్వాసమే ఒక ప్రాణం మీద నిలిచి ఉన్నప్పుడు, కొండల్లోని సామంతుల విశ్వాసం అంతకన్నా గట్టిగా ఉండాలని ఆశించడం కష్టం.

పెద్దల సంధులు

పాలెగాళ్ల నడతను తూచాలంటే అదే కాలంలో పెద్దశక్తుల నడతను పక్కన పెట్టాలి. 1766 నవంబరులో కుంపిణీతో ఒడంబడిక చేసుకున్న నిజాం అలీ, 1767లో హైదరాలీతో కలిసి అదే కుంపిణీ మీద చెంగం, తిరువణ్ణామలైల దగ్గర యుద్ధం చేశాడు. 1768 ఫిబ్రవరిలో మచిలీపట్నం సంధితో మళ్లీ కుంపిణీ వైపు వచ్చాడు. రెండేళ్లలోపే రెండు మార్పులు. 1769 ఏప్రిల్‌లో మద్రాసు సంధిలో హైదరాలీకి ఆపదలో సాయం చేస్తామని కుంపిణీ ఒప్పుకుంది. ఆ వెంటనే మరాఠాలు మైసూరు మీద పడినప్పుడు సాయం రాలేదు. 1780 యుద్ధానికి ఆ మాట తప్పడం ఒక ప్రధాన కారణం. 1780లో కుంపిణీకి ఎదురుగా హైదరాలీ, మరాఠాలు, నిజాం ఏకమయ్యారు. గుంటూరు సర్కారు తిరిగి చేతికి రాగానే నిజాం పక్కకు తప్పుకున్నాడు. 1782లో సాల్బాయి సంధితో మరాఠాలూ విడిపోయారు. 1790లో నిజాం, మరాఠాలు ఇద్దరూ కుంపిణీతో కలిసి టిప్పు మీదికి వెళ్లారు.

తెలుగునాట ఉత్తరాన కూడా ఇదే కాలంలో ఇదే జరిగింది. 1757 జనవరిలో బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేశారు. ఆ వెంటనే విజయరామరాజు హతుడయ్యాడు. అతని వారసుడు ఆనందగజపతి ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు, ఉత్తర సర్కారుల భవిష్యత్తు అక్కడే తేలింది. ఐరోపాలోనూ ఈ నీతి వేరుగా లేదు. 1813 అక్టోబరులో లైప్‌జిగ్ యుద్ధం సాగుతుండగానే సాక్సనీ పటాలాలు నెపోలియన్‌ను వదిలి అవతలి పక్షంలో కలిశాయి. ఈ వరుసలో బొమ్మరాజు పాలెం ప్రత్యేకత ఏమీ లేదు. ఒక తేడా మాత్రం ఉంది. నిజాం పక్షం మారితే గుంటూరు వచ్చింది, పాలెగాడు మారితే ఊళ్లు తగలబడే ప్రమాదం వచ్చింది. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్లు విరిగాయన్న సామెత ఈ లెక్కకు సరిపోతుంది. ఓడితే మిగిలేది ఏమీ లేనివాడు ముందుగా గెలుపు వైపు చూడటంలో వింత లేదు.

ఆక్షేపణలు

ఈ వాదం మీద మొదటి ఆక్షేపణ నీతికి సంబంధించినది. వ్యవస్థ పేరు చెప్పి ప్రతి ద్రోహాన్నీ సమర్థించవచ్చు కదా అని అడగవచ్చు. అందుకే రెండు రకాల మార్పులను వేరు చేయడం అవసరం. పఠాన్ నవాబులు నాసర్ జంగ్ శిబిరంలో ఉంటూనే, అతని జీతం మీదే, అతన్ని చంపించారు. షోలింగూరు తర్వాత పాలెగాళ్లు బహిరంగంగా దండును వదిలి వచ్చారు. మొదటిది నమ్మిన మనిషి ప్రాణం తీసిన కుట్ర, రెండోది ఒప్పందం విరమణ. దామలచెరువు కనుమ వదిలిన సర్దారు, ఆర్మ్ మాట నిజమైతే, మొదటి కోవలోకే వస్తాడు. ఈ వివేచన లేకుండా అందరినీ ద్రోహులనడం ఎంత పొరపాటో, అందరినీ పరిస్థితుల బాధితులనడం కూడా అంతే.

రెండో ఆక్షేపణ దేశాభిమానం వైపు నుంచి వస్తుంది. విదేశీ కుంపిణీ మీద పోరాడుతున్న హైదరాలీని వదలడం చారిత్రక తప్పిదం కాదా? 1857 తర్వాతి కళ్లతో చూస్తే అలాగే తోస్తుంది. 1781లో పుత్తూరు సీమ నుంచి చూసినవారికి కుంపిణీ అనేక పోటీదారుల్లో ఒకటి. పైగా అది తమ పాత ప్రభువైన ఆర్కాటు నవాబు పేరు మీదే యుద్ధం చేస్తోంది. హైదరాలీ ఏడాది కిందట మద్రాసు చుట్టూ పల్లెలను తగలబెట్టించిన పరాయి దండు నాయకుడు. కుంపిణీ ఒక్కటే మిగులుతుందని ఆనాడు ఊహించగలిగినవాడు మద్రాసులోనూ అరుదే. తర్వాతి ఫలితం తెలిసిన మనం ముందటి మనుషుల మీద ఆ జ్ఞానాన్ని బాధ్యతగా మోపడం న్యాయం కాదు. పైన చెప్పిన సంధుల్లో నిజాం, మరాఠాలకు ఉన్న ఎంపికలు పాలెగాళ్లకు లేవు కూడా.

మూడో ఆక్షేపణ వీటన్నిటికన్నా బరువైనది. పాలెగాడు తన పాలేన్ని కాపాడుకోవడానికి పక్షం మారాడంటున్నాం, మరి పాలెంలోని రైతు మాటేమిటి? కావలి రుసుము పేరున, దండు ఖర్చు పేరున పల్లెల నుంచి లాగినవాడూ పాలెగాడే. బలహీనుడైన పొరుగువాడి ఊళ్లను దోచినవాడూ అతనే. రైతును అడిగి ఏ పాలెగాడూ పక్షం మార్చలేదు. ఈ ఆక్షేపణను ఒప్పుకోవలసిందే. రక్షణ ఒప్పందం పాలెగాడికీ ప్రభువుకూ మధ్యదే తప్ప రైతుకు అందులో చోటు లేదు. ఐనా పంట నిలబడితేనే పాలెగాడికి శిస్తు వస్తుంది కాబట్టి పల్లె కాలకుండా చూడటం అతని స్వార్థంలో భాగమైంది. రైతుకు దక్కిన రక్షణ ఆ స్వార్థం మేరకే దక్కింది. పాలెగాళ్లను ప్రజారక్షకులుగా చిత్రించే రచనలు ఈ హద్దును మరిచిపోతాయి.

నాలుగోది ఆధారాల గురించి. ఈ కథ మనకు ఎక్కువగా ఆర్మ్, మార్క్ విల్క్స్ వంటి కుంపిణీ ఉద్యోగుల పుస్తకాల నుంచి, వాటి మీద ఆధారపడిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ నుంచి వచ్చింది. తమ వైపు వచ్చినవాడు వివేకి, తమను వదిలినవాడు కపటి అన్న పక్షపాతం వాటిలో సహజం. దేశీయ వంశావళులు, కుంపిణీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులు (స్థానిక చరిత్రలు) మరో వైపు చూపిస్తాయి గానీ వాటి పని తమ రాజును పొగడటం. రెండు రకాల రాతల్లోనూ ఉద్దేశాల గురించిన మాటలను పక్కనపెట్టి, ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారన్న సంఘటనలనే తీసుకుంటే పక్షపాతం ప్రభావం తగ్గుతుంది. ఆర్కాటు పడిపోయిన తర్వాత ఒక మార్పు, షోలింగూరు ఓటమి తర్వాత మరో మార్పు. ఈ వరుసను ఇష్టానికి మార్చి రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

భారతం చెప్పే విశ్వాసం

ఈ సీమ జనం యుద్ధంలో విశ్వాసం గురించి ఆలోచించడానికి వాడుకునే కథ వేరే ఉంది. పుత్తూరుతో సహా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని అనేక ఊళ్లలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లున్నాయి. తిరునాళ్ల రోజుల్లో పగలు భారతం హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజున మట్టితో చేసి నేల మీద పరిచిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర భీముడు అతన్ని వధిస్తాడు, సాయంత్రం భక్తులు అగ్నిగుండం దాటుతారు. ఈ కథలో పక్షాల మార్పు ఒక్క రంగులో ఉండదు. పాండవుల మేనమామ వరసైన శల్యుడు దారిలో తెలియక దుర్యోధనుడి ఆతిథ్యం తిని అతని పక్షాన చిక్కుకుంటాడు. ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు యుద్ధం మొదలయ్యే ముందు రెండు సేనల ఎదుటే ధర్మరాజు వైపు నడిచి వస్తాడు. కృష్ణుడు ఒక వైపు, అతని నారాయణ సేన మరో వైపు నిలుస్తాయి. భీష్మద్రోణులు న్యాయం ఎటుందో తెలిసీ తిన్న తిండికి కట్టుబడతారు.

ఈ కథను పాలెగాళ్లు ఆదర్శంగా పెట్టుకుని నడిచారని చెప్పడం అతిశయోక్తి. చెప్పగలిగింది వేరు. పక్షం మారిన ప్రతివాడినీ ద్రోహి అనే సరళమైన నీతి ఈ ప్రాంతపు సంప్రదాయానికి చెందినది కాదు. బహిరంగంగా మారిన యుయుత్సుడిని భారతం నిందించదు, మారకుండా నిలిచిన భీష్ముడిని నిందకు అతీతుడిగానూ ఉంచదు. ఎందుకు మారాడు, ఎలా మారాడు, ఎవరి తిండి తిన్నాడు అన్న ప్రశ్నలు అక్కడ ముఖ్యం. 1781 పాలెగాళ్లను తూచడానికి కుంపిణీ రాతల కన్నా ఈ ప్రశ్నలు మెరుగైన కొలమానం.

1792 నుంచి 1805 దాకా

పై వాదానికి గట్టి రుజువు యుద్ధాలు ముగిశాక జరిగినదానిలో ఉంది. 1792 ఒడంబడికతో పాలెగాళ్ల పేష్కషును నవాబు పేరున కుంపిణీయే వసూలు చేసుకోసాగింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయి మైసూరు ప్రతిశక్తిగా లేకుండా పోయింది. 1800లో నిజాం రాయలసీమ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాడు. నవాబులు టిప్పుతో రహస్యంగా ఉత్తరాలు నడిపారన్న ఆరోపణతో 1801 జులై 31న కర్ణాటకం మొత్తం కుంపిణీ పాలనలోకి వెళ్లింది. రహస్య ఉత్తరాల నేరం మోపినది, నలభై ఏళ్లపాటు తన మిత్రుల శత్రువులతో సంధులు చేసుకుంటూ వచ్చిన సంస్థే.

1802లో కార్వేటినగరం, కాళహస్తి, వెంకటగిరి, సైదాపురం జమీందారీలకు శాశ్వత సన్నదులు దక్కాయి. బంట్లను పంపవలసిన పాత బాధ్యతను సొమ్ముగా మార్చి పేష్కషులో కలిపారు. రక్షణ ఇక కుంపిణీ పని, పాలెగాడికి మిగిలింది శిస్తు కట్టే జమీందారు పాత్ర. చిత్తూరు, చంద్రగిరి కొండల్లోని కల్లూరు, పులిచెర్ల, నరగంటి వంటి చిన్న పాలేలకు అలాంటి ఏర్పాటు కుదరలేదు. వారు 1804లో తిరగబడ్డారు, సైన్యం అణచివేసింది, చాలా పాలేలను సర్కారు స్వాధీనం చేసుకుంది. వారికి సాయం రాగల మరో దొర ఎవరూ మిగల్లేదు. ముప్పై ఏళ్ల ముందైతే అదే తిరుగుబాటు మైసూరుతోనో మరాఠాలతోనో ఒక బేరంగా ముగిసేది.

ఆ తర్వాత కార్వేటినగరం రాజులు ఇంగ్లీషు ప్రభుత్వానికి విధేయులుగానే ఉన్నారు. 1948 ఎస్టేటుల రద్దు చట్టంతో జమీందారీ వ్యవస్థ ముగిసేవరకూ పుత్తూరు సీమలో పక్షం మార్చిన కథ మరొకటి లేదు. వంశం అదే, కోట అదే, కొండలు అవే. మారింది ఒక్కటే: పోటీ ప్రభువులు లేకుండా పోయారు. చంచలత్వం మనుషుల స్వభావంలో ఉండి ఉంటే అది 1801తో ఆగేది కాదు. అందువల్ల 18వ శతాబ్దపు పాలెగాళ్లను ద్రోహులుగానో స్వాతంత్ర్య వీరులుగానో ముద్ర వేయడం కన్నా, తమను కాపాడలేని ప్రభువుల మధ్య బతికిన సామంతులుగా లెక్కించడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. 1801 తర్వాత కనిపించే విధేయత కూడా కొత్తగా వచ్చిన సుగుణం కాదు, వెళ్లడానికి మరో పక్షం లేకపోవడం వల్ల కలిగిన నిలకడ.